అరవై ఆరు అక్షరాలు

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. సెప్టెంబరు ఒక్క నెలలోనే నాలుగున్నర లక్షల మందికి పైగా సైన్యంలో పేరు రాయించుకున్నారు. అప్పటికి నిర్బంధమేమీ లేదు. వయసులో ఉన్న మగవాళ్ళు సైన్యంలో చేరి తీరాలన్న చట్టం 1916లో గాని రాలేదు. ఇష్టం లేనివాడు ఇంట్లో కూర్చోవచ్చు.

ఆల్బర్ట్ ఇంగమ్, ఆల్ఫ్రెడ్ లాంగ్‌షా ఇంట్లో కూర్చోలేదు.

ఇద్దరూ గుమాస్తాలు. మాంచెస్టర్‌ని ఆనుకుని ఉన్న సాల్ఫోర్డ్‌లో, రైల్వే గూడ్సు యార్డులో పని. వచ్చే సరుకు, పోయే సరుకు లెక్క రాసుకునే ఉద్యోగం. పని ఒక చోట, స్నేహం ఒక చోట కాదు. సైన్యంలోనూ కలిసే చేరారు.

కలిసి చేరడానికి ఆ రోజుల్లో ప్రత్యేకమైన ఏర్పాటే ఉంది. ఒక ఊరివాళ్ళు, ఒక వీధివాళ్ళు, ఒక ఆఫీసువాళ్ళు గుంపుగా వచ్చి చేరితే అందరినీ ఒకే బెటాలియన్‌లో ఉంచుతామని ప్రభుత్వం మాటిచ్చింది. వాటికి స్నేహితుల బెటాలియన్లని పేరు పడింది. మాంచెస్టర్ దుకాణాల్లో, గిడ్డంగుల్లో, ఆఫీసుల్లో పనిచేసే వాళ్ళతో కొద్ది వారాల్లోనే వరసగా కొన్ని బెటాలియన్లు నిండిపోయాయి. ఇంగమ్, లాంగ్‌షా చేరింది మాంచెస్టర్ రెజిమెంటు 18వ బెటాలియన్‌లో. ఖాకీ గుడ్డ చాలక ఆ కొత్త దళాల్లో చాలామందికి మొదట్లో నీలం బట్టలే ఇచ్చారు. ఆ బట్టలతోనే కవాతు నేర్చుకున్నారు. 1915 నవంబరులో ఫ్రాన్సు వెళ్ళారు.

1916 జులై 1న సోమ్ నది దగ్గర పెద్ద దాడి మొదలైంది. ఆ ఒక్కరోజున బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవాళ్ళు 19,240 మంది. గాయపడినవాళ్ళు, దొరక్కుండా పోయినవాళ్ళు కూడా కలిస్తే 57,470. బ్రిటిష్ సైన్యం చరిత్రలో అంత నష్టం జరిగిన రోజు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

మాంచెస్టర్ బెటాలియన్లు ఆ రోజు మోంతోబాన్ అనే ఊరిని పట్టుకున్నాయి. అనుకున్న పని అనుకున్నట్టు జరిగిన చోట్లు ఆ రోజు చాలా తక్కువ. మోంతోబాన్ వాటిలో ఒకటి. వారం తిరిగేసరికి పక్కనున్న ట్రోన్ అడవిలో పోరాటం. నెలాఖరుకి గిల్‌మాన్ అనే ఊరి మీద దాడి. మోంతోబాన్‌లో గెలిచిన బెటాలియన్ గిల్‌మాన్‌లో దెబ్బతింది. ఒకే ఊరివాళ్ళు ఒకే బెటాలియన్‌లో ఉంటే, ఒక్క చెడ్డ ఉదయం చాలు, ఆ ఊళ్ళో వీధి వీధికీ చావు కబురు అందుతుంది. మాంచెస్టర్‌లో, సాల్ఫోర్డ్‌లో ఆ వేసవి అంతా ఆ కబుర్లే.

ఇంగమ్ ఇంటికి ఆ వేసవిలో రాలేదు. చలికాలంలో వచ్చింది.

ఆల్బర్ట్ ఇంగమ్, సిపాయి, మాంచెస్టర్ రెజిమెంటు, 1916 డిసెంబరు 1న మరణించాడు. కారణం గాయాలు.

తండ్రి పేరు జార్జ్ ఇంగమ్. గాయాలతో పోయాడన్న మాటే ఆయనకి అందింది. లక్షల ఇళ్ళకి అందిన మాట అదే. అనుమానించడానికి ఏమీ లేదు.

చనిపోయినవాళ్ళని ఇంటికి పంపడం లేదు. యుద్ధం మొదట్లో డబ్బూ పలుకుబడీ ఉన్న కొన్ని కుటుంబాలు తమ బిడ్డల శవాలని ఇంగ్లండు తెప్పించుకున్నాయి. 1915లో దాన్ని ఆపేశారు. లక్షాధికారి కొడుకైనా, గనికూలీ కొడుకైనా పోయిన చోటే మట్టి. ఆ మట్టిని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. దానికోసం 1917 మే 21న రాజు ఫర్మానాతో ఒక సంస్థ ఏర్పడింది. దాని పేరు ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్. కామన్వెల్తు పేరుతో అది ఇప్పటికీ పనిచేస్తోంది.

కమిషన్ మొదట తేల్చుకున్న సంగతి సమానత్వం. జనరల్‌కీ సిపాయికీ ఒకే కొలత రాయి. ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 38 సెంటీమీటర్లు. డబ్బున్నవాళ్ళు పాలరాతి దేవదూతలని పెట్టించుకోవడానికి వీల్లేదు. రాయి మీద పైన రెజిమెంటు చిహ్నం. దాని కింద నంబరు, హోదా, పేరు, చనిపోయిన తేదీ, వయసు. మధ్యలో మత చిహ్నం. అన్ని రాళ్ళ మీదా అక్షరాల రూపం ఒక్కటే.

ఇంగ్లండులో దీని మీద పెద్ద గొడవే జరిగింది. ముగ్గురు కొడుకుల్ని పోగొట్టుకున్న లేడీ ఫ్లారెన్స్ సెసిల్ అనే ఆవిడ వేల సంతకాలు సేకరించింది. రాయి బదులు కనీసం సిలువ పెట్టుకోనివ్వమని వేడుకుంది. కొడుకు మావాడు, సమాధి కూడా మాదేనని తల్లిదండ్రులు వాదించారు. 1920 మే 4న పార్లమెంటులో చర్చ జరిగింది. కమిషన్ మాటే నెగ్గింది. అందరికీ ఒకే రాయి.

కుటుంబానికంటూ మిగిలింది రాయి అడుగున కొంచెం చోటు. అక్కడ ఇంటివాళ్ళు తమ మాట ఒకటి చెక్కించుకోవచ్చు. అరవై ఆరు అక్షరాలకి మించకూడదు. మాటకీ మాటకీ నడుమ వదిలే ఖాళీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అక్షరానికి మూడున్నర పెన్నీలు.

యుద్ధకాలంలో సిపాయి జీతం రోజుకి ఒక షిల్లింగు. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు. నాలుగు అక్షరాలు చెక్కిస్తే సిపాయి రోజు జీతం దాటిపోతుంది.

ఈ రుసుము మీదా మాటలు రేగాయి. కొడుకుని ఇచ్చిన తల్లి ఇప్పుడు అక్షరానికి ఇంతని కట్టాలా అని అడిగారు. కెనడా ప్రభుత్వం తన సైనికుల తరఫున ఆ ఖర్చు తానే పెట్టుకుంది. న్యూజీలండ్ ఇంకో దారి పట్టింది. ఉన్నవాడు రాయించుకుని లేనివాడు రాయించుకోలేకపోతే సమానత్వం ఎక్కడుందని అడిగి, తన సైనికుల రాళ్ళ మీద ఎవరికీ ఏ మాటా వద్దంది. చివరికి కమిషన్ తగ్గింది. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే లేదంది.

రాసే మాటల విషయంలో కమిషన్‌కి సలహాలిచ్చిన రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్ 1915లో లూస్ యుద్ధంలో కనపడకుండా పోయాడు. వెతికించాడు, దొరకలేదు. పేరు తెలియని సైనికుల రాళ్ళన్నిటి మీదా ఉండే మాట ఆయన ఎంచినదే. ఇతనెవరో ఆ దేవుడికే తెలుసునని దాని భావం. తన కొడుకు పేరున్న రాయి చూడకుండానే 1936లో కిప్లింగ్ పోయాడు.

పేరున్న రాయి దొరికిన ఇళ్ళకి కమిషన్ నుంచి ఫారాలు వెళ్ళాయి. పేరు, నంబరు, తేదీ సరిచూసుకోండి. అడుగున ఏం రాయించాలో చెప్పండి. వద్దనుకుంటే ఖాళీగా వదిలేయండి.

చాలామంది బైబిలు వాక్యం రాయించారు. చాలామంది విశ్రాంతి, శాంతి, మళ్ళీ కలుసుకుందాం అన్నారు. కొందరు మా ఒక్కగానొక్కడు అన్నారు. చాలామంది ఖాళీగా వదిలేశారు.

ఆల్బర్ట్ ఇంగమ్ సమాధి ఉన్న ఊరు బాయుల్‌మాన్. ఉత్తర ఫ్రాన్సులో అరాస్ పట్టణానికి నైరుతిగా ఉన్న చిన్న పల్లె. యుద్ధకాలంలో అక్కడ బ్రిటిష్ సేనలు విడిది చేశాయి. ఊరివాళ్ళ శ్మశానంలోనే ఒక పక్కన సైనికుల సమాధులు ముప్ఫైకి పైగా ఉన్నాయి. పెద్ద గేట్లు లేవు. వేల రాళ్ళ వరసలు లేవు. మిగతా చోట్ల రాళ్ళు తెల్లగా ఉంటాయి, ఇంగ్లండు దక్షిణ తీరాన దొరికే పోర్ట్‌లాండ్ రాయి అది. ఇక్కడివి ఎర్ర ఇసుకరాళ్ళు. కొలత మాత్రం అదే. చెక్కడమూ అదే.

ఆల్బర్ట్ రాయి పక్కన ఆల్ఫ్రెడ్ లాంగ్‌షా రాయి. దాని మీదా మాంచెస్టర్ రెజిమెంటే. తేదీ కూడా అదే, 1916 డిసెంబరు 1.

ఒకే యార్డు, ఒకే బెటాలియన్, ఒకే తేదీ. ఇద్దరినీ ఒకే గుండు పొట్టన పెట్టుకుందని అనుకోవచ్చు.

తర్వాత తండ్రికి నిజం తెలిసింది.

1916 అక్టోబరు. బెటాలియన్ మళ్ళీ ముందు వరస కందకాలకి వెళ్ళాల్సి ఉంది. పిలిచినప్పుడు ఇద్దరు తక్కువ పడ్డారు. ఇంగమ్, లాంగ్‌షా. కొన్ని వారాలకి ఇద్దరూ దియెప్ రేవులో దొరికారు. స్వీడన్ ఓడ ఎక్కి ఉన్నారు. ఒంటి మీద సైనికుల దుస్తులు లేవు, మామూలు బట్టలున్నాయి. అడిగితే తాము అమెరికావాళ్ళమన్నారు. ఆ కబురు నిలవలేదు.

ఆ రోజుల్లో యుద్ధభూమిలో జరిగే కోర్టు మార్షల్‌కి ముగ్గురు అధికారులు చాలు. మరణశిక్ష వేయాలంటే అందరూ ఒక్కమాట మీద ఉండాలి. తీర్పు మీద పై కోర్టుకి వెళ్ళే హక్కు సిపాయికి లేదు. కాగితాలు మాత్రం పైకి వెళతాయి. బెటాలియన్ నుంచి బ్రిగేడుకి, అక్కడి నుంచి డివిజన్‌కి, కోర్‌కి, ఆర్మీకి. ప్రతి మెట్టు దగ్గరా ఒక అధికారి తన అభిప్రాయం రాస్తాడు. ఇతను మంచి సైనికుడేనా? కావాలనే పారిపోయాడా? దళంలో క్రమశిక్షణ ఎలా ఉంది? ఒకణ్ణి చూపించి పదిమందికి భయం చెప్పాల్సిన అవసరం ఉందా? ఆఖరి సంతకం సర్వసేనాని డగ్లస్ హేగ్‌ది.

ఆ యుద్ధంలో బ్రిటిష్ సైనిక న్యాయస్థానాలు మూడు వేలకు పైగా మరణశిక్షలు వేశాయి. పదింట తొమ్మిది తగ్గించారు. ఆ పదోవంతులో వీళ్ళిద్దరూ ఉన్నారు.

శిక్ష ఖాయమైందన్న సంగతి మామూలుగా ముందురోజు సాయంత్రమే చెబుతారు. రాత్రి పాదిరీ వచ్చి పక్కన కూర్చుంటాడు. ఉత్తరం రాసుకోవాలంటే రాసుకోవచ్చు. తెల్లవారే వేళకి బయటికి తెస్తారు. కొయ్యకి కడతారు. కళ్ళకి గంత. చొక్కా మీద, గుండె ఉన్న చోట, ఒక తెల్లటి గుడ్డ ముక్క. ఎదురుగా తుపాకులతో నిలబడేవాళ్ళని చాలాసార్లు ఆ దళం నుంచే తీస్తారు.

1916 డిసెంబరు 1 తెల్లవారుజామున బాయుల్‌మాన్‌లో ఇద్దరినీ కాల్చారు. పక్కపక్కన పాతిపెట్టారు.

గాయాలతో మరణించాడన్న కబురు ఆ గాయాల గురించే.

ఇలా మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు మూడు వందలకు పైగా ఉన్నాయి. కొన్నిటికి అసలు సంగతి వెంటనే తెలిసింది, కొన్నిటికి తర్వాతెప్పుడో. తెలిసిన ఇళ్ళు చాలావరకు నోరు మూసుకున్నాయి.

వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు సిపాయి హ్యారీ ఫార్ ఉదంతం తర్వాతి కాలంలో అందరికీ తెలిసింది. ఫిరంగి మోతలకి నరాలు దెబ్బతిని 1915లో నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నవాడు. తిరిగి కందకాలకి పంపారు. 1916 సెప్టెంబరులో ఇక ముందుకు వెళ్ళలేనన్నాడు. విచారణ ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. ఇంగమ్ కంటే ఆరు వారాల ముందు, అక్టోబరు 18న, కాల్చేశారు. భార్య గెర్‌ట్రూడ్‌కి పింఛను ఆపేశారు. చంకలో చిన్న కూతురు. ఇల్లు వదలాల్సి వచ్చింది. సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ కూతురికి నడివయసు వచ్చేదాకా తండ్రి ఎలా పోయాడో తెలియదు.

ఊళ్ళూ అంతే. యుద్ధం ముగిశాక ఊరూరా స్మారక స్తంభాలు లేచాయి. కొడుకు పేరు స్తంభం మీద చదువుకుని తల్లులు పూలు పెట్టి వచ్చేవాళ్ళు. కాల్చివేతకి గురైనవాళ్ళ పేర్లని కొన్ని ఊళ్ళు స్తంభం ఎక్కనివ్వలేదు. అక్షరక్రమంలో ఆ పేరు ఉండాల్సిన చోట దాని తర్వాతి పేరు వచ్చేసేది.

కమిషన్ మాత్రం అలా చేయలేదు. దానికి ఒకసారి చెప్పిన మాట ఒకటే మాట. జనరల్‌కీ సిపాయికీ ఎలాగైతే తేడా లేదో, శత్రువు గుండుకి పోయినవాడికీ సొంత సైన్యం గుండుకి పోయినవాడికీ అలాగే తేడా లేదు. ఒకే రాయి. ఒకే కొలత. రెజిమెంటు చిహ్నం, నంబరు, పేరు, తేదీ. ఎలా చనిపోయాడన్నది రాయి మీద ఎవరికీ రాయరు, వీళ్ళకీ రాయలేదు.

కాబట్టి బాయుల్‌మాన్ శ్మశానంలో నిలబడి ఆ రాళ్ళు చదివేవాడికి ఏమీ తెలియదు. ఎర్ర రాళ్ళ వరసలో జర్మన్ ఫిరంగికి పోయినవాడెవడో, అధికారి సైగతో పోయినవాడెవడో పోల్చుకోలేడు. కోర్టు మార్షల్ కాగితాలు ప్రభుత్వం దగ్గర తాళం వేసి ఉండిపోయాయి. దశాబ్దాల పాటు బయటివాళ్ళకి చూపించలేదు.

జార్జ్ ఇంగమ్ చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. ప్రభుత్వం చెప్పిన కారణం చేతిలో ఉంది. అది గౌరవమైన కారణం. కమిషన్ ఇచ్చిన రాయి ఉంది. అదీ గౌరవమైన రాయి. ఫారం అడుగున ఖాళీ వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు. వదలడం ఇష్టం లేకపోతే బైబిలు వాక్యం ఒకటి రాసి పంపొచ్చు. విశ్రాంతి అనొచ్చు, శాంతి అనొచ్చు. ఇరుగుపొరుగు ఎవరైనా ఎప్పుడైనా ఫ్రాన్సు వెళ్ళి చూసివచ్చినా, మీవాడి రాయి బాగుందని చెప్పి ఊరుకుంటారు.

ఆయన రాసి పంపాడు.

వచ్చిన ప్రతి మాటా చెక్కాలన్న నియమం కమిషన్‌కి లేదు. తగనిదనిపిస్తే తిప్పిపంపే అధికారం ఉంది. అలా తిప్పిపంపినవి ఉన్నాయి. జార్జ్ ఇంగమ్ పంపిన దాంట్లో సైన్యం చేసిన పని ఉంది, ప్రభుత్వం దాచిన సంగతి ఉంది. తనకి అందిన కబురు అబద్ధమని ఆ మొదటి వరసే చెబుతుంది. ఆ తండ్రి ఆ మాటే కావాలని పట్టుబట్టాడు. కమిషన్ కాదనలేదు. అధికారుల సంతకాలు పడ్డాయి. ఎర్ర రాయి మీద ఉలి పడింది.

యుద్ధం అయ్యాక చాలా ఏళ్ళకి కొందరు చరిత్రకారులు, కొందరు ఎంపీలు ఈ కాల్చివేతల సంగతి మళ్ళీ ఎత్తారు. కాగితాలు బయటికి వచ్చాయి. చాలా విచారణలు నిమిషాల్లో ముగిశాయని, కొందరికి తరఫున మాట్లాడేవాడే లేడని, కొందరు పద్దెనిమిదేళ్ళయినా నిండనివాళ్ళని తేలింది. క్షమాభిక్ష ఇవ్వమని అడిగారు. 1993లో ప్రధాని జాన్ మేజర్ కుదరదన్నారు. నేటి కొలబద్దతో నాటి తీర్పులని తిరగరాయలేమన్నారు. 1998లో ఇంకో ప్రభుత్వం విచారం వ్యక్తం చేసింది, క్షమాభిక్ష మాత్రం ఇవ్వలేదు. 2001లో స్టాఫర్డ్‌షైర్‌లోని జాతీయ స్మారక వనంలో ఒక విగ్రహం నిలబెట్టారు. కళ్ళకి గంత కట్టి, చేతులు వెనక్కి విరిచి కట్టిన కుర్రవాడి విగ్రహం. దాని వెనక 306 కొయ్యలు పాతి ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పేరు రాశారు.

హ్యారీ ఫార్ కూతురు ముసలితనంలో కోర్టుకెక్కింది. 2006లో ప్రభుత్వం దిగివచ్చింది. ఆ ఏడాది నవంబరు 8న వచ్చిన సాయుధ దళాల చట్టంతో 306 మందికీ ఒకేసారి క్షమాభిక్ష దొరికింది. ఆల్బర్ట్ ఇంగమ్, ఆల్ఫ్రెడ్ లాంగ్‌షా పేర్లు అందులో ఉన్నాయి. వీళ్ళు కూడా యుద్ధం బలిగొన్నవాళ్ళేనని, మరణశిక్ష వీళ్ళకి తగింది కాదని రాసిచ్చారు.

అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. ఈ క్షమాభిక్ష వల్ల నాటి తీర్పు గాని, నాటి శిక్ష గాని రద్దయినట్టు కాదని.

కొడుకుని కాల్చిన తొంభై ఏళ్ళకి అంతమాత్రం వచ్చింది. అది చదవడానికి జార్జ్ ఇంగమ్ లేడు.

ఆయన చెప్పదలుచుకున్నది అప్పటికి ఎన్నో ఏళ్ళుగా బాయుల్‌మాన్‌లో ఉంది. రాయి అడుగున నాలుగు వరసలు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. ఖాళీలు కలుపుకుని లెక్కపెడితే సరిగ్గా అరవై ఆరు. నియమం ఇచ్చిన చోటులో ఇంకొక్క అక్షరానికి జాగా లేదు. ఇలా చనిపోయినవాళ్ళ రాళ్ళలో ఆ సంగతి దాచకుండా చెప్పే రాయి అదొక్కటే అంటారు.

తెల్లవారుజామున కాల్చి చంపారు.
సైన్యంలో మొదట చేరినవాళ్ళలో ఒకడు.
తండ్రికి
తగ్గ కొడుకు.